అడిగేవాళ్ళు ఉండాల

పాట అంటే నీకేం తెలుసత్తా అంటాది మా తమ్ముని కూతురు కీర్తన. తెలీకపోతే పోనీలే తల్లీ. వయసులో వచ్చినదాన్ని, తల ముగ్గుబుట్ట అయ్యేదాకా ఈ కువైట్‌లో ఒకే ఇంట్లో వంట చేస్తా ఉండా. ఇక్కడ ఇంటి యజమానురాల్ని మామా అంటారు. మా మామా ఇంట్లో పెండ్లిళ్ళకు ఆడోళ్ళు గుంపుగా కూచొని డప్పులు కొడతా పాడేది ఇన్నా. అబ్బాసియాలో మా రాయచోటి సాయిబులు పాడే ఖవ్వాలీ ఇన్నా. మావోళ్ళ శనివారం భజనలు, అందులో తాళం తప్పేవాళ్ళ కేకలు, అవీ ఇన్నా. ఇన్నీ ఇన్నదాన్ని, మొన్న శుక్రవారం సులైబియాలో ఒక రేకుల షెడ్డులో ఇన్నదాన్ని మాత్రం పాట అని అనలేను. నాలుక మీద వాత పెట్టినా అననుగాక అనను. ఎక్స్‌ట్రీమ్ మెటల్ అంట దాని పేరు. ఇనుము పేరు పెట్టుకున్నారు గదా, పాత ఇనుపసామాను యార్డుల నడుమ పెట్టుకోవడం ఒక్కటే దాంట్లో నాకు సబబుగా కనపడింది.

అట్లాంటి చోటికి నువ్వెందుకు పోయినావమ్మా అని మా మామా కూడా అడిగింది. మా తమ్ముడు నారాయణ పోరు పడలేక పోయినా. వాడు అహ్మదిలో ఒక కాంట్రాక్టరు కింద వెల్డింగ్ పని చేస్తాడు, మరదలు ఆస్పత్రిలో నర్సు, కాపురం అబ్బాసియాలో. ఒక్కతే కూతురు. కీర్తన అని ఎంత ముచ్చటగా పెట్టుకున్నాడో పేరు! ఆ పిల్ల పండ్ల డాక్టరు కాడ రిసెప్షన్‌లో పని చేస్తాది, పొద్దు గూకినాక ఇంటికొచ్చి బాత్రూంలో తలుపేసుకొని గొంతు సాధన చేస్తాది. కింద ఇంటోళ్ళు ఒకపొద్దు పైకొచ్చి, ఎవరికన్నా బాగలేదా, మాకు తెలిసిన డాక్టరు ఉండాడు అని అడిగి పోయినారంట. ఆ తర్వాత వాడు నాకు ఫోన్ చేసి, "అక్కా, నా వల్ల కాదు. శుక్రవారం కీర్తనా, దాని జతగాళ్ళూ నలుగురి ముందర పాడతారంట. నువ్వు పోయి చూసిరా. నువ్వు పర్వాలేదంటే పర్వాలేదు. కాదన్నావా, ఈ నెలలోనే టికెట్ తీసి ఊరికి పంపిస్తా, ఖలాస్" అన్నాడు. మా ఇండ్లల్లో పెద్దాడబిడ్డ ఒక మాట అంటే దాని మీద ఇంకో మాట ఉండదు. ఆ సంగతి కీర్తనకూ తెలుసు. టాక్సీలో పోతా ఉంటే, "అత్తా, నేను నిన్ను బతిమాలను. కానీ నువ్వు కాదంటే నాకింక ఏమీ మిగలదు" అనింది. గడ్డం పైకెత్తి మరీ అనింది. బతిమాలితే వేరే విధంగా ఉండేది కదా అనుకున్నా నేను.

మధ్యాన్నం అసర్ నమాజు అయినాక మొదలంట. ఎండ ఇంగా సగం కూడా తగ్గలా. పాత ఏసీలు విప్పే యార్డు పక్కన షెడ్డు, లోపల గ్రీసు వాసన. కూలర్లు పెట్టినారు గానీ అవి చల్లదనం కంటే చెమట ఎక్కువ ఇచ్చినాయి. ఆ ఉక్కలో వచ్చినోళ్ళందరూ నల్ల బనియన్లే. బనియన్ల మీద పుర్రెలు, ఎముకలు, వాటి పైన ఏదో పేరు. ఒక్క అక్షరం తెలిస్తే ఒట్టు. మేం చేని చుట్టూ వేసే ముండ్లకంప మాదిరి అన్ని పక్కలా కొనలు దేలి ఉండాది. చదవరాకుండా రాసుకునే కాడికి పేరెందుకు, సిగ్గయితే పేరు లేకుండానే ఉండొచ్చు గదా. వేషాలు దయ్యాలవి, మర్యాద మాత్రం పెండ్లిలో మగపెండ్లోళ్ళకు చేసినట్టు. నన్ను చూస్తానే నడుముదాకా జుట్టుండే మగోడు ఒకడు పరిగెత్తుకొచ్చి, "ఆయియే ఆంటీ" అని ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసినాడు. ఇంకొకడు చాయ్ తెచ్చినాడు, నీళ్ళ బాటిల్ తెచ్చినాడు. ఆ చాయ్ కూడా రోతే. పాలపొడి కరగలేదు.

మొదట అరుగు ఎక్కినోళ్ళు ఫిలిప్పీనోళ్ళు. డ్రమ్ములు కొట్టేవాడు చెనిక్కాయలు వలిచే మిషను మాదిరి ఆపకుండా దడదడలాడించినాడు, ఎందుకు కొడతా ఉండాడో వానికే తెలీదు. వాళ్ళు దిగినాక అరబ్బు పిల్లోళ్ళు ఎక్కినారు. మొగానికి సున్నం, కండ్ల చుట్టూ బొగ్గు. లోకం మీద మహా కోపమంట వాళ్ళకు. నాకు ఆ ఇండ్లు తెలియనివా? మంచం మీదికి చాయ్ అందుతాది, విప్పిన చొక్కా కిందపడేలోగా ఎత్తుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు కోపమెందుకొస్తాదబ్బా, చక్కెర తక్కువయ్యిందనా? మూడోది మనోళ్ళ గుంపు, కంప్యూటర్ల ముందర కూచొని పనిచేసే బాపతు. పాడేవాడు వంగి, మైకును నోట్లో పెట్టుకున్నట్టు పెట్టుకొని, కడుపుబ్బిన ఎనుము మాదిరి అరిచినాడు. అరిచి అరిచి పాట అయిపోతానే లేచి నిలబడి, సన్న గొంతుతో, "అందరూ నీళ్ళు తాగండి, ఎండగా ఉంది, జాగ్రత్త" అన్నాడు. అంతసేపు రాక్షసుడు, మరుక్షణం బడిపంతులు. కిందనేమో కుర్రోళ్ళు నడుమ జాగా చేసుకొని ఒకరినొకరు తోసుకుంటారు. పడినోన్ని లేపి, దుమ్ము దులిపి, మళ్ళా తోస్తారు. దులిపేది ఎందుకు, తోసేది ఎందుకు?

నాకు అంత కోపం రావడానికి ఒక కారణముండాది. ఆ లోగొంతు నాకు తెలుసు. బొడ్డు కింద పుట్టి, ఎముకలు పట్టుకొని పైకొచ్చే గొంతు. నేను పెరిగింది అది పలికే ఇంట్లోనే. అది తెలిసినదానికి వీళ్ళను చూస్తే, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే ఉండాది.

మా నాయన తల్లిని మేం జేజి అని పిలిచేవాళ్ళం. మా ఊరి గంగమ్మ కొలుపులో అమ్మ పలికేది ఆమె ఒంటి మీదనే. మామూలు దినాల్లో ఆమె ఎట్లాంటిదంటే, వాకిలి ఊడ్చేటప్పుడు పుల్ల అడ్డమొస్తే ఆ పుల్లను కూడా తిట్టేది. చిన్న కల్వంలో వక్కాకు దంచుకుంటా ఊరందరి యవ్వారాలూ తీర్చేది. కొలుపు దగ్గరికొచ్చే కొద్దీ నోరు కట్టేసుకునేది. ఉప్పు మానేసి సప్పిడి అంబలి తాగేది, వేరే చాప మీద పండుకునేది. ఇల్లంతా పేడతో అలికి, గూట్లో సాంబ్రాణి వేస్తే ఆ వాసనా, పచ్చి పసుపు దంచే వాసనా, దూలానికి కట్టిన వేపమండల వాసనా కలిసి మా బట్టలకు పట్టేవి. బడిలో పిల్లోళ్ళు నన్ను వాసన చూసి, మీ జేజికి ఎప్పుడొస్తాది అని అడిగేవాళ్ళు. నాకు గర్వంగా ఉండేది. జేజి ముడి విప్పి జుట్టు వదిలేది ఏడాదికి ఆ ఒక్క పొద్దే. డప్పులు మా వీధి మలుపు తిరుగుతానే ఆమె కాళ్ళు ముందు వణికేవి, తర్వాత ఆ గొంతు లేచేది. ఎదురుగా నిలబడిన మొగోళ్ళకు చెమట పట్టేది.

దానికొక పద్ధతి ఉంది, ఈ షెడ్డులో ఎవరికీ తెలీనిది. పూనకం వచ్చినోళ్ళను ఊరికే చూస్తా నిలబడకూడదు. ఇంటి ఆడమనిషి ముందరికి పోయి, పసుపునీళ్ళు కాళ్ళ మీద పోసి అడగాల. "ఎవరు తల్లీ నువ్వు? ఎందుకొచ్చినావు? ఏం గావాల నీకు?" అని. అడిగితేనే చెప్తాది. చెప్పింది ఆ ఇల్లు ఇచ్చుకోవాల. "సరే తల్లీ, ఇస్తాం" అన్నాకనే పూనకం దిగుతాది. అడిగేవాళ్ళు లేకుంటే అది దిగే దోవ లేక ఆ మనిషినే తింటాదని చెప్పేవాళ్ళు. మా ఇంట్లో అడిగేది మా అమ్మ, పసుపునీళ్ళ చెంబు పట్టుకొని ఆమె వెనక నిలబడేది నేను. జేజి ఒకసారి కొత్త చీర అడిగింది, ఒకసారి ఊరోళ్ళందరికీ అంబలి పోయమనింది. ఒకసారి మా నాయనను చూపించి, వీన్ని రోంత నవ్వమని చెప్పు అనింది. దిగినాక మా అమ్మ మిరియాలు దంచి బెల్లమేసి కషాయం కాచి ఇచ్చేది. జేజి ఆ గిన్నె రెండు చేతులతో పట్టుకొని తాగి, మర్నాడు పొద్దున్నే మళ్ళా పుల్లను తిట్టేది.

మా నాయనకు తాలూకాఫీసులో గుమాస్తా పని దొరికినాక ఈ పద్ధతంతా ఆయనకు రోత అయిపోయింది. ఆ ఏడు ఎవరో ఆఫీసరు కొలుపు చూడ్డానికి వస్తానన్నాడంట. "మా అమ్మ జుట్టు విరబోసుకొని అరిచేది ఆయన చూస్తే నేను మొగం యాడ పెట్టుకోవాల" అన్నాడు నాయన. పెట్టుకునేంత గొప్ప మొగమా అది? చెనిక్కాయల మూటలు వేసే గదిలోకి జేజిని పిల్చి, ఆమె లోపలికి పోతానే బయట గడియ పెట్టినాడు. డప్పులు మా వీధిలోకొచ్చినాయి. లోపల గొంతు లేచింది. అమ్మ పొయ్యికాడ కూచొని కొంగు నోట్లో కుక్కుకుంది. నారాయణ అప్పటికి చిన్నోడు, పోయి తలుపు కింద సందు కాడ బోర్లా పండుకున్నాడు. నేను అలవాటు కొద్దీ చెంబులో పసుపు కలుపుకొని తలుపు ముందర నిలబడినా. నాయన ఆ చెంబు గుంజుకొని వాకిట్లో పారబోసినాడు. డప్పులు ఊరు దాటిపోయేదాకా ఆ గొంతు లోపల్నే తిరిగింది. అడిగినోళ్ళు లేరు. తలుపు తీసినాక జేజి వచ్చి మొగం కడుక్కొని సంగటి తినింది. చూసినారా, ఏమీ కాలేదు అన్నాడు నాయన. ఏమీ కాలేదంట! ఆ పొద్దు నుంచి జేజికి గొంతు లేకుండా పోయింది. పక్కన కూచుంటే తప్ప ఇనపడేది కాదు. ఎవర్నీ తిట్టలా, పుల్లను కూడా. అట్లనే ఉండి ఉండి ఒకపొద్దు చప్పుడు లేకుండా పోయింది.

ఇదంతా తల్లో తిరుగుతా ఉంటే షెడ్డులో నాలుగో గుంపు ఎక్కింది. కీర్తన వాళ్ళది. పిల్ల నల్ల కుర్తా వేసుకుంది, జడ విప్పేసింది. అందరూ మగపిల్లోళ్ళు, నడుమ ఇది. గిటార్లు మొదలైనాయి, నేను పెదవి విరిచి చాయ్ గ్లాసు కింద పెట్టినా. ఇది కూడా ఎనుము మాదిరే అరుస్తాది, పోయి తమ్మునితో చెప్పేస్తే పని అయిపోతాది, మామా ఇంట్లో రాత్రి వంట మిగిలి ఉండాది అనుకుంటా ఉండా. అప్పుడు నోరు తెరిచింది.

అది వాతలు పెట్టుకున్న గొంతు కాదు. ముందు కాళ్ళు వణికినాయి, తర్వాత లేచింది. కండ్లు నా వైపే ఉండాయి గానీ నన్ను చూడటం లేదు. నేను ఎప్పుడు లేచినానో నాకు తెలీదు. చేతిలో నీళ్ళ బాటిల్ ఉంది, మూత తీసి ఉంది. తోసుకుంటా ఉండే ఆ నల్ల బనియన్ల నడుమన పడి పోయినా. ముసల్దాన్ని చూసి వాళ్ళు దోవ ఇచ్చినారు, ఒకడు చెయ్యి పట్టుకొని అరుగు ఎక్కించినాడు కూడా, మూర్ఖుడు. పోయి కీర్తన ముందర నిలబడి కాళ్ళ మీద నీళ్ళు పోసినా. "వైర్లు! వైర్లు!" అని ఎవడో కేక పెట్టినాడు. గిటార్లు ఆగిపోయినాయి. నేను మా అమ్మ అడిగినట్టే అడిగినా. "ఎవరు తల్లీ నువ్వు? ఎందుకొచ్చినావు? ఏం గావాల నీకు?" మైకు దాని చేతిలో ఉంది గదా, నా రాయచోటి తెలుగు షెడ్డంతా మోగింది.

పిల్ల రొప్పుతా నన్ను చూసింది. ఈసారి నిజంగా చూసింది. తడిసిన కాళ్ళ వైపు చూసుకుంది. ఎగతాళి చేస్తాదేమో అనుకున్నా. చెయ్యలా.

"అత్తా... ఇంగా పాటలుండాయి" అనింది. "పాడుకోవాల."

"సరే తల్లీ, ఇస్తాం."

నేనే అన్నా. నోట్లోంచి ఆ మాట జారినాక గానీ ఏమన్నానో నాకు ఎక్కలా. కింద జనం చప్పట్లు, ఈలలు. ఇది కూడా వాళ్ళ ఆటలో భాగమనుకున్నారు, వాళ్ళ మొగాలు మండ. ఒకడైతే దిగేటప్పుడు నా కాళ్ళకు దండం పెట్టి, "ఆంటీ, సూపర్" అన్నాడు. జుట్టోడు గుడ్డ తెచ్చి నీళ్ళు తుడిచినాడు. వాళ్ళు మళ్ళా మొదలుపెట్టినారు. మిగిలిన పాటలు కూడా రోతగానే ఉండాయి, అబద్ధమెందుకు చెప్పాల. నేను మాత్రం కుర్చీలో కూచోలేదు. అయిపోయేదాకా అరుగు పక్కనే, బాటిల్ పట్టుకొని నిలబడినా.

అబ్బాసియా చేరేసరికి తమ్ముడు తలుపు తీసుకొని వాకిట్లోనే నిలబడి ఉండాడు. మరదలు డ్యూటీలో ఉంది. కీర్తన గొంతు బొంగురుపోయి మాట రాక, ఫ్రిజ్జుకు ఆనుకొని నిలబడింది. "ఏందక్కా, ఎట్లుండాది?" అన్నాడు వాడు. ఇంకేముంది, మొదలుపెట్టినా. సున్నం పూసుకున్న మొగాలు, ఎనుము అరుపులు, కరగని పాలపొడి, ఏదీ వదల్లేదు. పాటంటే అది కాదు, పద్ధతంటే అది కాదు, పగవానికి కూడా ఆ చెవినొప్పి వద్దు అన్నా. కీర్తన కండ్లు కిందికి పోయినాయి. తమ్ముడు తల ఊపి, "నేను అనుకున్నదే. టికెట్ చూస్తా" అని ఫోన్ తీసినాడు.

"ఫోన్ పెట్రా. ఇంకోటుంది. నేను అడిగినా."

"ఏం అడిగినావు?"

"మనమ్మ అడిగేది. కాళ్ళ మీద నీళ్ళు పోసి అడిగినా."

వాడు ఫోన్ బల్ల మీద పెట్టేసినాడు. మొగంలో రక్తం లేదు. నేను వాన్ని కోపిష్టి అనుకుంటా ఉండా ఇన్ని దినాలు. "చెప్పిందా?" అన్నాడు.

"ఇంగా పాటలుండాయి, పాడుకోవాల అనింది. ఇస్తామని చెప్పినా."

కీర్తన మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తా ఉంది. దానికి జేజి సంగతి ఎవరు చెప్పినారు గనుక, మేము మాలో మేమే ఎప్పుడూ చెప్పుకోలా. వాడు కుర్చీలో కూలబడి, "జేజి గొంతు కదక్కా" అన్నాడు.

"అవును."

"బాత్రూంలో మొదటిసారి ఇన్నప్పుడే తెలిసింది నాకు. ఆ పొద్దు తలుపు కింద నా వేళ్ళు పట్టుకోనుండె జేజి. అరుస్తానే పట్టుకోనుండె. ఆఖర్న ఇడిసేసింది." వాడు తన చేతి వైపు చూసుకున్నాడు. "ఆ గొంతు లేస్తే మనింట్లో ఏమైతాదో చూసినా గదా. లేవకుండా చేద్దామనుకున్నా అక్కా. బయమేసింది."

"బయమైతే బయపడు. గొంతు పోయింది నాయన గడియ పెట్టినందుకురా. టికెట్టు కూడా గడియే" అన్నా.

వాడు లేచి వంటింట్లోకి పోయి డబ్బాలు వెదకతా, "మిరియాలు యాడ పెట్టిందమ్మా మీ అమ్మ?" అని కూతుర్ని అడిగినాడు. "పై డబ్బాలో నాయనా" అనింది అది, గుసగుసగా. వంటింట్లో దంచే చప్పుడు మొదలైంది. బెల్లం కూడా వెయ్‌రా అని నేను కేకేసినా. ఇంత జరిగినా ఒకటి మాత్రం చెప్తా, ఇంకోసారి ఆ షెడ్డుకు నన్ను రమ్మంటే చెవుల్లో సీసం పోసుకొనైనా సరే తప్పించుకుంటా. వాడే పోనీ, వాని కూతురు గదా. చెంబు మాత్రం నేనే ఇచ్చి పంపిస్తా, ఆ ప్లాస్టిక్ బాటిళ్ళు నాకు పనికిరావు.

కషాయం గిన్నెలో పోసి, గుడ్డతో పట్టుకొని తెచ్చినాడు. కీర్తన ఎందుకు నాయనా ఇది అన్నట్టు చూసింది. దాని రెండు చేతులూ తెచ్చి గిన్నె చుట్టూ పెట్టి, వేళ్ళ మీద తన వేళ్ళు అట్లనే ఉంచినాడు.

"తాగు తల్లీ. ఇంగా పాటలుండాయంట గదా."